మణికట్టులో స్కాఫాయిడ్ ఎముక విరిగితే పిండికట్టా, స్క్రూనా?

గజపతినగరం మెకానిక్:
నమస్కారం. నాది బైకుల రిపేరు షెడ్డు. 19 రోజుల కిందట వాన నీళ్లలో జారి, అరచెయ్యి ఆనించి పడ్డాను. ఎక్స్‌రేలో ఏమీ లేదు, బెణికిందని బ్యాండేజీ చుట్టి పంపేశారు. వాపు దిగింది గానీ పానా తిప్పితే ప్రాణం పోతోంది. నిన్న సీటీ తీస్తే స్కాఫాయిడ్ ఎముక నడుము దగ్గర, అంటే మధ్యలో, విరిగింది, ముక్కలు జరగలేదన్నారు. ఒక డాక్టరు స్క్రూ అంటారు, ఇంకొకరు పిండికట్టు చాలంటారు. కుడిచెయ్యి, పైగా షెడ్డు మూస్తే ఇల్లు గడవదు. ఏం చెయ్యమంటారు?

పుత్తూరు పక్కోణ్ణి:
అన్నా, రెండూ వద్దు. మా పుత్తూరుకు రా. మా నాయనకు ముంజేయి విరిగితే ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టినారు. మళ్లా మడక పట్టినాడు.

ఫిజియో, విజయవాడ:
మీ నాన్నగారికి అతికింది, సంతోషం. కానీ ముంజేయి వేరు, ఇది వేరు. స్కాఫాయిడ్ జీడిపప్పంత ఎముక. దానికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు కొస నుంచి ఎక్కి, వెనక్కి ముంజేతి వైపు పారుతుంది. నడుము దగ్గర విరిగితే నడిమధ్య గండి పడ్డ కాలువే. శివారు పొలానికి నీళ్లు అందవు. వెనక ముక్క ఎండిపోయే ప్రమాదం అందుకే. పైన ఎంత గట్టిగా కట్టినా లోపల అతుకుతోందో లేదో సీటీలో చూడకుండా తెలియదు.

స్క్రూ బ్యాచ్, హైదరాబాద్:
నేను స్క్రూ వేయించుకున్నా, మూడో వారానికి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా. దాన్ని హెర్బర్ట్ స్క్రూ అంటారు, తల ఉండదు. మెకానిక్ కదా, మీకు ఇట్టే అర్థమవుతుంది: ముందు కొసన మర చుట్ల మధ్య ఎడం ఎక్కువ, వెనక కొసన తక్కువ. తిప్పేకొద్దీ రెండు ముక్కలూ దగ్గరికొచ్చి బిగుసుకుంటాయి. నెలల తరబడి కట్టుతో కూర్చోవడం దేనికి?

ఆర్థో పీజీ, గుంటూరు:
ల్యాప్‌టాప్ వేరు, పానా వేరు. స్క్రూ వేసినా అతికేదాకా బలం పెట్టనివ్వరు. బ్రిటన్‌లో 439 మందితో ఇదే తేల్చుకున్నారు, 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నడుము దగ్గర విరిగి, ముక్కలు 2 మి.మీ. మించి జరగనివాళ్లు. మొదటి వారాల్లో ఆపరేషన్ వాళ్లు కాస్త ముందున్నారు, ఏడాదికి చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందు కట్టు, అతకకపోతే వెంటనే స్క్రూ అని తేల్చారు.

స్క్రూ బ్యాచ్, హైదరాబాద్:
వాళ్లంతా దెబ్బ తగిలిన రెండు వారాల్లోపు చేరినవాళ్లే కదా సార్? ఈయన 19 రోజులు కట్టు లేకుండా తిరిగారు. ఆ లెక్క ఈయనకెలా సరిపోతుంది?

ఆర్థో పీజీ, గుంటూరు:
మంచి ప్రశ్న, అక్కడ మీరే రైటు. అచ్చంగా సరిపోదు. నాలుగు వారాలు దాటితే అతకడం బాగా కష్టమవుతుంది, ఈయన ఇంకా దాటలేదు కాబట్టి నేనైతే కట్టుకే మొగ్గుతా. ముంజేతి వైపు కొసలో విరిగి ఉంటే మాత్రం స్క్రూయే అనేవాణ్ణి.

పాత దెబ్బ, కరీంనగర్:
నాది గిట్లనే బెణికిందనుకున్న. కబడ్డీల పడ్డ, జండూబామ్ రాసి ఊకున్న. నలభై దాటినంక బకెట్ లేపితే మణికట్టుల టక్ మంటుంది. ఎముక అతకనే లేదంట, పక్కనున్న లూనేట్ ఎముక వెనక్కి ఒరిగి కీలు అరిగిందంట. మీరు కొట్లాడుకోండ్రి గానీ, తమ్ముడూ, నువ్వు రేపటిదాక ఆగకు.

ఆర్థో పీజీ, గుంటూరు:
అన్నట్టు, ఆ టక్‌మనడం స్కాఫాయిడ్‌కీ లూనేట్‌కీ మధ్య లిగమెంటు, అంటే ఆ రెండెముకల్నీ కలిపి పట్టే నార, తెగినా వస్తుంది. మెకానిక్ గారూ, పిడికిలి బిగించి ఒక ఎక్స్‌రే తీయమనండి. ఆ రెండెముకల మధ్య సందు 3 మి.మీ. దాటితే ఈ కట్టా, స్క్రూనా గొడవంతా పక్కకు పోతుంది. లిగమెంటు సంగతి వేరుగా చూడాలి.

పుత్తూరు పక్కోణ్ణి:
ఎక్స్‌రే మీద ఎక్స్‌రే! మా ఊళ్లో చేత్తో పట్టి చెప్తారబ్బా.

గజపతినగరం మెకానిక్:
పిడికిలి ఎక్స్‌రే అయింది, సందు మామూలుగానే ఉందట. పొద్దున్నే పిండికట్టు వేశారు. బొటనవేలు బయటికే వదిలేశారు, మర్చిపోయారా?

ఫిజియో, విజయవాడ:
మర్చిపోలేదండీ. బొటనవేలు కలిపి కట్టినా, వదిలేసినా అతకడంలో తేడా రాదు. వేళ్లు ఆడిస్తూ ఉండండి.

గజపతినగరం మెకానిక్:
సరేనండి. ఆరు వారాలకి సీటీ రాశారు. షెడ్డులో కుర్రాడు పానా తిప్పుతున్నాడు, నేను స్టూలు మీద కూర్చుని ఎటు తిప్పాలో చెబుతున్నాను. అప్పుడే ఒక బోల్టు మర పోగొట్టాడు.