నాండీనా ఎర్రకాయలు: పిట్టల కోసం ఉంచాలా, కోసేయాలా?

పెరటితోట (అట్లాంటా):
మేము కొత్తగా కొన్న ఇంటి ముందు వరసగా నాండీనా పొదలున్నాయి. డిసెంబరు వచ్చేసరికి గుత్తులు గుత్తులుగా ఎర్రటి కాయలు. చుట్టూ చెట్లన్నీ ఆకురాల్చి నిలబడినప్పుడు ఆ ఎరుపు చూస్తే ప్రాణం లేచి వస్తుంది. పక్కింటావిడ మాత్రం అవి పిట్టలకు విషం, పీకించేయండి అంటున్నారు. పిట్టలు ఇష్టంగా తినే కాయ వాటికే విషమవుతుందా? తెలిసినవారు చెప్పండి.

పిట్టలగూడు (డాలస్):
ఆవిడ చెప్పింది నిజమండీ. జరిగింది మీ జార్జియాలోనే. 2009 ఏప్రిల్‌లో థామస్ కౌంటీలో సీడర్ వ్యాక్స్‌వింగ్ పిట్టలు డజన్లకొద్దీ చచ్చిపడ్డాయి. జార్జియా విశ్వవిద్యాలయం పశువైద్యులు ఐదింటిని కోసి చూశారు. కడుపుల్లో నాండీనా కాయలు కొన్ని నలగకుండా ఉన్నవి ఉన్నట్టే, కొన్ని సగం అరిగి ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో, శ్వాసనాళంలో నెత్తురు. కాయలోని పదార్థం కడుపులోకి వెళ్లాక సయనైడ్‌ను విడుదల చేస్తుంది. 2010లో ఆ వివరాలు ప్రచురించారు కూడా.

ఈ పిట్టను ఒక్కసారి దగ్గరగా చూడండి. లేత గోధుమరంగు ఒళ్లు, కళ్లమీదుగా నల్లని పట్టీ, తోక చివర పసుపు అంచు, రెక్కల మీద లక్క చుక్కల్లాంటి ఎర్రని కొసలు. గుంపుగా వచ్చి వాలతాయి. కొమ్మ మీద పక్కపక్కన కూర్చుని ఒకే కాయను ఒక ముక్కు నుంచి ఇంకో ముక్కుకు అందించుకుంటాయి. చలికాలంలో దీని తిండి దాదాపు అంతా కాయలూ పండ్లే. చాలా పిట్టలు నాండీనాను కొద్దిగా తిని వదిలేస్తాయి, ఇది గొంతుదాకా మింగుతుంది. చలికాలం చివరికి మిగతా చెట్ల కాయలు అయిపోతాయి, నాండీనా గుత్తులు మాత్రం అలాగే వేలాడుతుంటాయి. ఆకలిగొన్న గుంపు అప్పుడే వాటి మీద పడుతుంది. దయచేసి కోసేయండి.

చల్లనినీడ (ఛార్లెట్):
ఒక్క సంఘటన చూపించి అందరి పొదలూ పీకించడం నాకు సమ్మతం కాదు. పరీక్షించింది ఐదు పిట్టలను. ఈ దక్షిణాది రాష్ట్రాల్లో ఏ వీధిలో చూసినా నాండీనాయే, అన్ని వీధుల్లోనూ పిట్టలు రాలిపోవడం లేదు కదా. కర్రపెండలంలోనూ సయనైడ్‌ను పుట్టించే పదార్థం ఉంది. మా గోదావరి వైపు ఉడకబెట్టుకుని తింటూనే ఉన్నాం. ఎంత తిన్నామన్నదే లెక్క. పిట్టల మీద అంత ప్రేమ ఉంటే ముందు కిటికీ అద్దాల సంగతి చూడాలి. అమెరికాలో కట్టడాల అద్దాలకు కొట్టుకుని ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల పిట్టలు చనిపోతున్నాయని 2014లో అంచనా వేశారు.

పిట్టలగూడు (డాలస్):
కర్రపెండలం మనం ఉడకబెట్టుకుంటాం, పిట్ట పచ్చి కాయ మింగుతుంది. ఎంత తిన్నామన్నదే లెక్క అని మీరే అన్నారు. లెక్క లేకుండా తినడమే ఈ పిట్ట స్వభావం. పిట్టలు కొట్టుకోకుండా అద్దాలకు చుక్కలూ అంటిద్దాం, కాయలూ కోద్దాం, ఒకదానికి ఇంకొకటి అడ్డం కాదు. పైగా తూర్పు ఆసియా నుంచి అందానికి తెచ్చుకున్న మొక్క ఇది. పిట్టలు గింజలు మోసుకెళ్లి అడవుల్లో వేస్తే అక్కడి మొక్కలను తొక్కేస్తుంది. ఫ్లోరిడాలో దీన్ని దురాక్రమణ మొక్కల జాబితాలో పెట్టారు.

పచ్చతీగ (ఆస్టిన్):
తీసేస్తే ఆ చోట యోపాన్ హాలీ పెట్టండి. ఈ నేలలోనే పుట్టిన మొక్క, చలికాలమంతా ఎర్రగా కాస్తుంది, వ్యాక్స్‌వింగ్‌లు నిశ్చింతగా తింటాయి. కాయలు ఆడమొక్కకే వస్తాయి కాబట్టి నర్సరీలో కాయలున్నదే చూసి కొనండి, దగ్గర్లో మగమొక్క ఒకటి ఉండాలి. చిన్నపిల్లలుంటే ఆ కాయలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి, వాంతులవుతాయి. ఆకుల రంగు కోసమే నాండీనా కావాలంటే ఫైర్‌పవర్ రకం ఉంది, అది దాదాపు కాయదు.

చల్లనినీడ (ఛార్లెట్):
పొదలు పీకించడానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను. గుత్తులు కోయమంటే మాత్రం అభ్యంతరం లేదు, దానికి ఖర్చూ లేదు.

పెరటితోట (అట్లాంటా):
ఈ శనివారమే కోస్తాను. కోసినవి కంపోస్టులో వేయవచ్చా?

పిట్టలగూడు (డాలస్):
వద్దండీ, గింజలు మొలుస్తాయి. సంచిలో వేసి మూతి కట్టి చెత్తబుట్టలో పడేయండి. వచ్చే ఏడు పూలు వచ్చినప్పుడే గుత్తులు తుంచేస్తే అసలు కాయలే రావు.