ఒకే సర్వర్‌లో ఎన్‌జిన్‌ఎక్స్, పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం: యూనిక్స్ సాకెటా, టీసీపీయా?

చిన్నసైట్: 2 జీబీ వీపీఎస్ (అద్దె సర్వర్). ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ కోడ్ నడిపేది) రెండూ అందులోనే. మధ్యలో యూనిక్స్ సాకెట్ (ఒక ఫైల్ ద్వారా మాట్లాడుకోవడం) పెట్టాలా, టీసీపీలో (నెట్‌వర్క్ పద్ధతి) 127.0.0.1:9000 సరిపోతుందా? సాయంత్రాలు 502 (వెనక నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్) వస్తోంది.

పాతకాపు: సాకెట్టే. పక్క గదిలో ఉన్నవాడికి పోస్టులో ఉత్తరం రాస్తామా? టీసీపీ అంటే హ్యాండ్‌షేక్, సీక్వెన్స్ నంబర్లు... లూప్‌బ్యాక్‌లోనైనా (మెషిన్ తనతో తానే మాట్లాడే దారి) ఆ తంతు తప్పదు. పైగా సాకెట్ ఫైల్‌కి 0660 (ఓనర్‌కీ, గ్రూప్‌కీ మాత్రమే అనుమతి) పెడితే అదే సర్వర్‌లోని ఇంకో యూజర్ వేలు పెట్టలేడు. 9000 పోర్టుకి ఆ అడ్డు లేదు.

నైట్‌డ్యూటీ: పీహెచ్‌పీ పేజీకే 200 మిల్లీసెకన్లు పడుతుంటే మీరు మిగిల్చేది మైక్రోసెకన్లు. పదో తరగతి రిజల్ట్స్ రోజు ఒక సైట్ నా నెత్తిన పడింది. సాకెట్ బ్యాక్‌లాగ్ (కనెక్షన్లు వేచి ఉండే వరస) నిండగానే లాగ్‌లో ఎర్రర్ 11 (ఇప్పుడు ఖాళీ లేదు), ఎన్‌జిన్‌ఎక్స్ అక్కడికక్కడే 502 కొట్టేసింది. టీసీపీలో అయితే సిన్ ప్యాకెట్ (కనెక్షన్ అడిగే మొదటి సందేశం) పోయినా సెకను ఆగి మళ్లీ తలుపు తడుతుంది. ఆలస్యంగానైనా పిల్లలు మార్కులు చూసుకునేవాళ్లు.

పాతకాపు: బ్యాక్‌లాగ్ పెంచుకోకపోతే సాకెట్ ఏం చేస్తుంది?

నైట్‌డ్యూటీ: ఎఫ్‌పీఎంలో 511 ఉంది సార్. లైనక్స్ కెర్నల్ పాతది, సోమాక్స్‌కాన్ (బ్యాక్‌లాగ్‌కి కెర్నల్ పెట్టే పరిమితి) 128 దాటనివ్వలేదు. కెర్నల్ 5.4 నుంచి దాని డిఫాల్ట్ 4096 చేశారు. ఆ రోజు చెప్పిన నాథుడు లేడు.

కారంపొడి: పోస్టు పోలిక తప్పు. లూప్‌బ్యాక్ ఇల్లు దాటదు.

గోదారిగట్టు: చిన్నసైట్ గారూ, ఎఫ్‌పీఎంలో మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి పనిచేసే వర్కర్ల గరిష్ఠ సంఖ్య) ఎంత పెట్టారు?

పాతకాపు: @కారంపొడి సరే, వంటింట్లోంచి హాల్లోకి రిజిస్టర్ పోస్టు. సరిపోయిందా? @నైట్‌డ్యూటీ జనాన్ని వరసలో నిలబెట్టడం పరిష్కారమా? పేజీ రాకపోతే రిఫ్రెష్ కొడతారు, వరస ఇంకా పెరుగుతుంది. 502 వస్తే సంగతి వెంటనే తెలుస్తుంది.

నైట్‌డ్యూటీ: ఎవరికి తెలుస్తుంది? 502కి ఫోన్ మోగేది నాకు, రాత్రి రెండింటికి. మీరు కోడ్ అప్పజెప్పి పడుకుంటారు.

పాతకాపు: ఇదీ అసలు సంగతి! నిదానంగా నడిస్తే అలారం మోగదు, అందుకే మీకు టీసీపీ ముద్దు. పొద్దున "పేజీ స్లో, రాసిందెవరు?" అని మీటింగ్‌లో నిలబెట్టేది మమ్మల్ని.

నైట్‌డ్యూటీ: పగలే కదా, నిలబడండి.

కారంపొడి: 😂

చిన్నసైట్: గోదారిగట్టు గారూ, ఫైల్‌లో 5 అని ఉంది. నేను ముట్టుకోలేదు.

గోదారిగట్టు: అంటే ఆరో మనిషి రాగానే వరస మొదలు. ఒక్కో వర్కర్ ఎంత ర్యామ్ తింటోందో చూసి ఆ అంకె పెంచండి. సాకెట్ సంగతి తర్వాత.

పాతకాపు: తర్వాతైనా సాకెట్టే.