ఈ వారం సమస్య: నెట్టుకొలది పరుగు నిలిచిపోయె

నిర్వాహకులు: మా అబ్బాయి ఫిజిక్స్ పరీక్షకు చదువుతుంటే పక్కన కూర్చున్న నాకు తట్టిన పాదం ఇది. కణ త్వరణ యంత్రాలతో, అంటే ప్రోటాన్ల వంటి సూక్ష్మ కణాలను అమిత వేగంతో పరిగెత్తించే యంత్రాలతో, ముడిపెట్టి పూరించండి. మన బెంగళూరు సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్ పూరణలు వద్దు.

యలహంక:
గుండ్రమైన దారి కూర్చి కణములను
కాంతి దరికి చేర్చగా దలంచి
చుట్టు చుట్టు నిలుచు సూదంటు రాళ్ళతో
నెట్టుకొలది పరుగు నిలిచిపోయె

మల్లేశ్వరం: మూడో పాదం యతి హాయిగా ఉంది. కానీ యలహంక గారూ, సూదంటురాళ్ళు నెట్టవండీ! అయస్కాంత బలం కణం వెళ్ళే దిశకు ఎప్పుడూ అడ్డంగానే పడుతుంది. దారి వంచుతుంది, వడి పెంచదు. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థ వారి 27 కిలోమీటర్ల త్వరణ వలయంలో 1232 పెద్ద అయస్కాంతాలు ఉన్నది మలుపు తిప్పడానికే. నెట్టేది విద్యుత్ క్షేత్రం. నా పూరణ:

విద్యుదలల మీద వేగాన నీదుచు
వెలుగు దరికి జేరి వెంటబడగ
శక్తి పెరిగె గాని జవము మారగలేదు
నెట్టుకొలది పరుగు నిలిచిపోయె

మూడో పాదం ఊహ కాదు. ఆ వలయంలోకి ప్రోటాన్లు 450 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికి కొలమానం) శక్తితో వస్తాయి, 6.8 టెరా, అంటే 6800 గిగా, దాకా ఎదుగుతాయి. శక్తి 15 రెట్లు. వేగం మాత్రం సెకనుకు ఒక్క కిలోమీటరు కూడా పెరగదు, వచ్చేటప్పటికే కాంతికి అంత దగ్గరగా ఉంటాయి. చివరికి కాంతి కంటే సెకనుకు సుమారు 3 మీటర్లే వెనకబడతాయి.

యలహంక: తప్పు ఒప్పుకుంటున్నాను. ‘రాళ్ళతో’ తీసి ‘రాళ్ళలో’ అని చదవండి, ఒక్క అక్షరంతో సరిపోతుంది. మరి మీ ‘విద్యుదలల’ మాటేమిటి? సంస్కృతానికి తెలుగు అల అతికించారు, వైరి సమాసం. హలసూరు చెరువు సమస్యలో నా ‘చంద్రవెలుగు’ను ఇదే కారణంతో పక్కన పెట్టించింది మీరే.

మల్లేశ్వరం: నిజమే. ‘విద్యుదూర్మి మీద’ అని మారుస్తున్నాను, ఊర్మి అన్నా అలే, గణాలు చెదరవు. ఆ రోజు మీరు ‘చంద్రికలు’ అని ఉంటే మీ పద్యమే మొదట నిలిచేది. ఇప్పటికీ అదే అంటాను.

జయనగర్: మీరిద్దరూ ‘నిలిచిపోయె’ అంటే పెరగడం ఆగిందని సర్దుకున్నారు. నాకు పరుగునే ఆపాలనిపించింది.

ఊయలూపు చేయి ఒడుపు తప్పిన యట్లు
తరగ యెదురు తిరిగి తాకినంత
కాంతి వంటి కణము గతి తప్పి మందమై
నెట్టుకొలది పరుగు నిలిచిపోయె

ఆ వలయంలో నెట్టే విద్యుత్ క్షేత్రం సెకనుకు 40 కోట్ల సార్లు ఊగుతుంది. కణాల గుంపు సరైన క్షణానికి వస్తేనే ముందుకు తోపు, అదను తప్పితే వెనక్కి. అందుకే 1928లో నార్వే శాస్త్రవేత్త విడరో తన త్వరణ యంత్రంలో క్షేత్రం ఎదురు తిరిగే వేళకు కణాలను గొట్టాల్లో దాచాడు. కావాలని ఎదురు నెట్టడమూ ఉంది. సెర్న్‌లో 2000 నుంచి ప్రతిప్రోటాన్లను (ప్రోటాన్లకు వ్యతిరేక ఆవేశమున్న జోడు కణాలు) అలాగే నెమ్మదింపజేస్తున్నారు.

నిర్వాహకులు: అక్కయ్యా, పాదాన్ని ఉన్నదున్నట్టు నిజం చేశారు! ఈ వారం మీదే.

యలహంక: రెండో పాదం పైకి చదివి చూడండి. మూడు నగణాలు (మూడేసి లఘువులు) గబగబా పరిగెత్తి ‘తాకినంత’ దగ్గర రెండు హగణాలకు (గురువు, లఘువు) తగిలి నెమ్మదిస్తాయి. కణం ఆగడం నడకలోనే వినిపించింది. మల్లేశ్వరం గారూ, ఇది గమనించారా?