జిగ్ మీద వంచిన స్క్రోల్ చేతిపని అయితదా?

హన్మకొండ ఇంటాయన:
కొత్త ఇంటి బాల్కనీకి రెయిలింగ్ చేయిస్తున్న అన్నా, మొత్తం చేతిపనే అని కమ్మరాయన వెల్డింగ్ షాపోళ్ల కంటె బాగనే ఎక్కువ అడిగిండు, సరే అన్న. నిన్న పోయి చూస్తె మందం ప్లేటుకు ఒక వంకర పట్టీ వెల్డ్ చేసి పెట్టుకున్నడు, జిగ్ అంటరట, రాడ్ కొస దాంట్ల ఇరికిచ్చి గుంజుడే, స్క్రోల్స్ (చుట్టలు తిరిగిన వంపులు) అన్ని ఒక్క తీరుగ వస్తున్నయ్. పైసలు తగ్గియ్యమని అడగొచ్చా?

దాగలి సుత్తె:
అడుగు. ముందుగాల కొసలు చూడు. కొలిమిల ఎర్రగ కాల్చి దాగలి మీద కొడితె కొస సన్నబడుకుంట పోతది, స్క్రోల్‌కు అందమే అది. జిగ్ వంచుతది గని సన్నగ చెయ్యదు, రాడ్ ఎంత మందమో కొస గంతే, కోసిన కాడ మొండిగ ఉంటది. పెంబర్తి ఇత్తడి పనికి జీఐ (భౌగోళిక) గుర్తింపు దేనికి వచ్చింది, రేకు మీద సుత్తె, ఉలి పట్టి బొమ్మ లేపే చేతులకే కదా. నిజామాబాద్ దిక్కు కోనసముద్రం ఉక్కు డమాస్కస్ కత్తులకు పోయిన కాలంల ఏ జిగ్ ఉండె?

కాజీపేట ఫ్యాబ్రికేటర్:
కోనసముద్రంల చేసింది మట్టి మూసలల్ల ఉక్కు తీసుడు అన్నా, గేటు డిజైన్ కాదు, రెండు కలపకు. జిగ్ అంటె మిషన్ కూడ కాదు. ఆ వంకర పట్టీని ఎవరో ఒకరు కాల్చి, సుత్తెతోని తిప్పి, నేల మీద సుద్దముక్కతోని గీసిన గీతకు కలిసేదాక దిద్దితెనే జిగ్ అయితది. అచ్చం గీత సైజుల చేసినా పనికిరాదు, చల్లగ వంచిన రాడ్ వదలంగనే కొంచెం విచ్చుకుంటది, అందుకే జిగ్ ఇంకింత బిగువుగ ఉండాలె, ఎంత బిగువు అన్నది రాడ్ మందాన్ని బట్టి మారుతది, చేసి చూస్తెనే తెలుస్తది. కాల్చి వంచితె ఇంకో తిప్పలు, చల్లటి జిగ్ వేడి గుంజేస్తది, ఎరుపు పోకముందే తిప్పాలె, లేకుంటె వంపు మధ్యల కోణం పడ్తది. కరీంనగర్ ఫిలిగ్రీ వాళ్లు వెండి తీగను కమ్మచ్చుల, అంటె చిల్లుల పలకల, గుంజి సన్నగ చేస్తరు, అది చేతిపని కాదంటవా? బాల్కనీల పక్కపక్కన స్క్రోల్స్ తీరుకొకటి ఉంటె లొల్లి పెట్టేది కూడ ఈ ఇంటాయననే.

దాగలి సుత్తె:
కమ్మచ్చు తీగ ఇస్తది, డిజైన్ ఇయ్యదు. తీగను ఒక్కో వంపు తిప్పేది చేతులే. నీ జిగ్ వంపే తయారు చేసి ఇస్తది.

కాజీపేట ఫ్యాబ్రికేటర్:
ఇది ఒప్పుకుంట. మరి కొస కొలిమిల సాగ్గొట్టి, అప్పుడు జిగ్‌కు పెడితె?

నర్సంపేట పోరడు:
మీరు కొట్లాడుకోండ్రి, మా దిక్కు అందరు లేజర్ కటింగ్ గేట్లే అడుగుతున్నరు. రేకుల కోసిన తీగెలు, ఆకులు దూరం నుంచి మంచిగనే కొడ్తయ్, దగ్గరికి పోతె అంతా సపాటుగ ఉంటది.

హన్మకొండ ఇంటాయన:
ఇయ్యాల పోయి చూసిన. కొసలు కొట్టి చేపతోక లెక్క వెడల్పు చేసినంకనే జిగ్‌కు పెడ్తుండు. జాయింట్లకు మాత్రం వెల్డింగ్ కొట్టి గ్రైండర్ పెట్టిండు.

దాగలి సుత్తె:
గట్లైతె స్క్రోల్స్ పైసలు తగ్గియ్యమనకు. జాయింట్ల సంగతి మాట్లాడు. చిన్న పట్టీ ఎర్రగ కాల్చి రెండు స్క్రోల్స్ చుట్టు మడిస్తె చల్లారినంక అదే బిగుసుకుంటది, కాలర్ అంటరు. చేతిపని రేటు తీసుకున్నడు కాబట్టి గవి పెట్టమను, పెయింట్ ఎయ్యకముందే.