కాలనీ పనిముట్ల గదికి జీతమిచ్చి మనిషిని పెట్టాలా, మనమే వంతులేసుకోవాలా?

సింగ్‌నగర్ నివాసి (చర్చ మొదలుపెట్టినవారు)

2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు వాగు మా మీదకొచ్చింది. సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాం. నీళ్ళు లాగేశాక ఇంకో కష్టం మొదలైంది. సంపుల నిండా మురుగు, గదుల నిండా బురద. ఫైరింజన్లు వచ్చి ఇళ్ళు కడిగాయి, ఆ సాయం మర్చిపోలేం. కానీ మా సందుల్లోకి ఫైరింజన్ తిరగదు. మోటారు ఉన్న ఇంటి ముందు జనం గంటల తరబడి నిలబడ్డారు.

అప్పుడే అనుకున్నాం, కాలనీకంతా కలిపి పనిముట్ల గది ఒకటి ఉండాలని. రెండు పెట్రోల్ పంపుసెట్లు, పైపులు, ప్రెషర్ వాషర్, డ్రిల్లింగ్ మిషన్, పొడవాటి నిచ్చెన, ఒక వీల్‌చైర్, మడత మంచాలు. కమ్యూనిటీ హాలు పక్కన గది ఉంది. సామాన్లు సగం దాకా సమకూరాయి కూడా. గొడవంతా ఒక్క దగ్గరే ఆగింది. రోజూ ఆ గది తీసి, వస్తువు ఇచ్చి, తిరిగి తీసుకునే మనిషికి జీతం ఇవ్వాలా, వద్దా?

ఇవ్వాలనే నేనంటాను. ఇంటికి నెలకు 50 రూపాయలు వేసుకుంటే 120 ఇళ్ళకు 6,000 వస్తుంది. సాయంత్రం రెండు గంటల పనికి అది సరిపోతుంది. సంఘంలో సగం మంది "సేవకి జీతమేంటండీ" అంటున్నారు. మీ ఊళ్ళలో, మీ కాలనీల్లో ఇలాంటివి ఎలా నడుస్తున్నాయో చెప్పండి.

కృష్ణలంక పెద్దాయన

బాబూ, నేను మీ సంఘంలో ఆ రెండో సగం మాటే అంటాను. వరదలు మాకు కొత్త కాదు. 2009లో కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీకి దాదాపు 11 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు చూశాం, మొన్న 2024లో అంతకన్నా ఎక్కువే చూశాం. మీ సింగ్‌నగర్‌కి ట్రాక్టర్ల మీద, పడవల మీద పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు తెచ్చిన కుర్రాళ్ళకి ఎవరైనా జీతమిచ్చారా?

జీతం పెట్టగానే వసూలు వస్తుంది. వసూలు రాగానే లెక్కలు అడుగుతారు. లెక్కల దగ్గర మాట తేడా వస్తే మొహమొహాలు చూసుకోవడం మానేస్తారు. ఇంకో మాట. నెలకు 50 కట్టనివాడి ఇంట్లోకి నీళ్ళొస్తే మోటారు ఇవ్వరా? దీనికి ముందు జవాబు చెప్పండి.

భవానీపురం గ్రౌండ్ ఫ్లోర్

బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. "మనమే వంతులేసుకుందాం" అన్నప్పుడు ఆ "మనం" ఎవరో కాస్త చూడండి.

మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల కోసం పుస్తకాల గది పెట్టారు. చాలా మంచి ఆలోచన, నేనూ సంతోషించాను. వారానికొకరు అని కాగితం మీద పేర్లు రాసి నోటీసు బోర్డుకి అంటించారు. అన్నీ మగవాళ్ళ పేర్లే. వాళ్ళు పొద్దున్నే ఆఫీసులకి పోతారు. కొన్నాళ్ళకి తాళంచెవి మా వంటింటి గుమ్మం పక్కన మేకుకి చేరింది, మాది కింద ఫ్లాట్ కాబట్టి. పొయ్యి మీద పోపు వేగుతుంటే బెల్లు. అత్తయ్యకి మందులేసే టైముకి బెల్లు. వచ్చేది చిన్నపిల్లలు, కసురుకోలేం. ఏ పుస్తకం ఎవరు తీసుకెళ్ళారో రాయడం నా పనే, చిరిగితే అతికించడం నా పనే. మీటింగ్‌లో మాత్రం "మన గది స్వచ్ఛందంగా నడుస్తోంది" అని చెప్పుకున్నారు.

స్వచ్ఛందం అంటే చాలా చోట్ల ఇంతే. ఎవరో ఒక ఆడమనిషి జీతం లేకుండా చేస్తూ ఉంటుంది, ఆవిడ పేరు ఏ కాగితం మీదా ఉండదు. జీతమిచ్చే మనిషిని పెట్టండి తమ్ముడూ.

ఆటోనగర్ మెకానిక్

జీతం సంగతి పెద్దలు తేల్చండి. నేను మోటార్ల సంగతి చెప్తా.

పంపుసెట్ ఇవ్వడం తేలికే. తిరిగొచ్చినప్పుడే పని ఉంటుంది. బురదనీళ్ళు తోడిన పంపుని మంచినీళ్ళతో కడగకుండా లోపల పెడితే ఇంపెల్లర్‌లో, అంటే నీళ్ళు తోసే చక్రంలో, ఒండ్రు గట్టిపడిపోతుంది. నీళ్ళు లేకుండా తిప్పితే సీల్ మాడిపోతుంది, తెచ్చిచ్చినవాళ్ళు ఆ మాట చెప్పరు, వాళ్ళకి తెలియదు కూడా. ట్యాంకులో పెట్రోల్ అలాగే వదిలేస్తే నెలల తర్వాత కార్బురేటర్‌లో జిగురులా పట్టేస్తుంది, తాడు లాగి లాగి భుజం పోతుంది గానీ ఇంజన్ అందుకోదు. నీళ్ళలో ముంచే పైపు చివర ఉండే ఫుట్‌వాల్వ్ పగిలిందో లేదో చూడాలి. నెలకోసారైనా స్టార్ట్ చేసి పది నిమిషాలు నీళ్ళ మీద నడపాలి.

వంతుకొచ్చిన ఆయన ఇవన్నీ చేస్తాడా? చేయకపోతే బుడమేరు మళ్ళీ వచ్చిన రోజు మీ దగ్గర రెండు ఇనపముద్దలు ఉంటాయి. జీతం ఇచ్చినా, ఈ పని తెలిసినవాడికే ఇవ్వండి. ఎవరి బామ్మర్దికో ఇవ్వకండి.

బ్రాడీపేట పాఠకుడు

మాది గుంటూరు. పుస్తకాల గది మాట వచ్చింది కాబట్టి పాత సంగతొకటి చెప్తాను.

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ మొదటిసారి జరిగింది మీ బెజవాడలోనే. అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆయన తోటివాళ్ళు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. 1935లో మా జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారికి ఇంకో ఆలోచన వచ్చింది. కాలవలో పడవ మీద ప్రయాణం చేసేవాళ్ళు గంటలకు గంటలు ఖాళీగా కూర్చుంటారు కదా, పడవలోనే పుస్తకాలు పెడితే? కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య నడిచే పడవల్లో పెట్టారు. జీతాలు చూసుకుని మొదలుపెట్టినవి కావు ఇవేవీ. అంతవరకు కృష్ణలంక పెద్దాయన మాట నిజం.

అయితే 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చి, ఇంటిపన్ను మీద సెస్సు ఎందుకు పెట్టారు? ఉత్సాహం ఉన్న మనిషి ముసలివాడయ్యాక తలుపు తీయడానికి ఇంకొకరు కావాలి. ఆ మనిషికి ఇల్లు గడవాలి. అమెరికాలో బర్కిలీ పబ్లిక్ లైబ్రరీ 1979 నుంచి పుస్తకాల్లాగే సుత్తులు, రంపాలు, డ్రిల్లులు అరువిస్తోంది. మీ ఆలోచన లాంటిదే. దాన్నీ నడిపేది జీతమున్న లైబ్రరీ సిబ్బందే.

కృష్ణలంక పెద్దాయన

పాఠకుడు గారూ, సెస్సు మేమూ కడుతున్నాం. జీతం ఉన్నంత మాత్రాన తలుపు తెరుచుకుంటుందని నమ్మకమేంటి? బోర్డు మీద ఒక టైము, తాళం తీసేది ఇంకో టైము ఉన్న చోట్లు మీరు చూడలేదా?

ఇంకా అసలు ప్రశ్న. వరద రాత్రి రెండింటికి వస్తుంది. మీ జీతం మనిషి సాయంత్రం రెండు గంటలు. ఆ రాత్రి తాళం ఎవరు తీస్తారు?

తెనాలి పక్క ఊరు

మా ఊళ్ళో రామాలయంలో గంగాళాలు, గిన్నెలు, గరిటెలు ఉంటాయి. పెళ్ళికి తీసుకెళ్తే కొద్దిగా అద్దె. గరిటె తగ్గితే కొత్త గరిటె కొనివ్వాలి. లెక్కపెట్టి తీసుకునే ఆయనకి ఆ అద్దెలోంచే ఇస్తారు. నెలనెలా ఇంటింటా వసూలు లేదు. డ్రిల్లింగ్ మిషన్‌కి రోజుకింత అని మీరూ పెట్టండి, వీల్‌చైర్ మాత్రం ఉచితంగా ఇవ్వండి.

ఆటోనగర్ మెకానిక్

అన్నా, ఇందాక అడగడం మర్చిపోయా. మీ గది కింద ఉందా, పైన ఉందా? కింద అయితే జీతం, వంతులు అన్నీ అనవసరం. మొదట మునిగేది మీ మోటార్లే.

సింగ్‌నగర్ నివాసి

కిందే ఉంది. ఇన్ని మీటింగుల్లో ఈ మాట ఎవరి నోటా రాలేదు. హాలు మేడ మీద సామాన్ల గది ఖాళీగా ఉంది, అది అడుగుతాను. బరువు దించడానికి మెట్ల పక్కన పలకలు వేయించాలి.

పెద్దాయన గారూ, మీ మొదటి ప్రశ్నకి జవాబు: వరద రోజు కట్టినవాడు, కట్టనివాడు అని తేడా ఉండదు. ఇది నియమాల్లో మొదటి వాక్యంగా రాయిస్తాను. ఏడుగురం కలిస్తే సొసైటీ రిజిస్టర్ చేయించుకోవచ్చు. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో తెరుస్తాం, ప్రతి నెలా లెక్క గది తలుపు మీద అంటిస్తాం. రాత్రి రెండింటి మాట మీరన్నది నిజం. అందుకు వీధికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు, మేడ మీద ఉండేవాళ్ళ దగ్గర మారు తాళంచెవులు ఉంచుదాం. అది సేవే, దానికి జీతం అడగను. వరదొస్తే మనవాళ్ళు ఎలాగూ పరిగెత్తుకొస్తారు. ఏమీ లేని మామూలు మంగళవారం సాయంత్రం పంపు కడగడానికి ఎవరొస్తారు? నేను జీతం అడిగేది ఆ మంగళవారానికి.

మా వీధిలోనే ఒకాయన ఉన్నాడు. ఆటో వరదలో పోయింది, ఇంజన్ పని తెలుసు. తెనాలి వారు చెప్పిన అద్దె కూడా కలిపితే ఇంటికి 50 కాదు, 30తో అయిపోవచ్చు.

భవానీపురం గ్రౌండ్ ఫ్లోర్

మారు తాళంచెవులు ఉంచే ఇళ్ళలో ముందు ఆడవాళ్ళని అడిగి పెట్టండి. వాళ్ళ పేర్లే రాయండి.

కృష్ణలంక పెద్దాయన

లెక్క తలుపు మీద అంటిస్తామన్నావు, అది బాగుంది. జీతం విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఏడాది తర్వాత ఆ పంపులు ఎలా ఉన్నాయో వచ్చి చూస్తాను.

సింగ్‌నగర్ నివాసి

తప్పకుండా రండి. ఆదివారం మీటింగ్‌లో రెండూ పెడుతున్నాను, మేడ మీద గది, నెలకు 30. గదికి ఒప్పుకుంటారు. 30 రూపాయలకే ఇంటింటికీ తిరగాల్సి వచ్చేలా ఉంది.