హారిస్ అన్న ఇంటిపేరు వెనుక అసలు పేరును పట్టుకోవడం ఎలా?

న్యూజెర్సీ కోడలు:
అందరికీ నమస్కారం. మా మామగారి తాతగారు రష్యా నుంచి అమెరికాకు వలస వచ్చిన యూదులు. ఇంటిపేరు హారిస్. అది అసలు పేరు కాదని, న్యూయార్క్ రేవులో వలస వచ్చినవారిని తనిఖీ చేసే ఎల్లిస్ ద్వీపంలో అధికారికి నోరు తిరగక మార్చేశాడని ఇంట్లో అందరూ చెబుతారు. మూడు రాత్రులుగా అక్కడి ప్రయాణికుల జాబితాల్లో హారిస్ పేరుతో వెతుకుతున్నాను. నిన్న తొమ్మిదింటికి కూర్చున్నదాన్ని రెండున్నరకు లేచాను. హారిస్‌లు లెక్కలేనంతమంది కనిపిస్తున్నారు కాని మా వాళ్లు మాత్రం లేరు. మామగారికి ఎనభై ఆరేళ్లు. ఆయన ఉండగానే ఆ పేరు కనుక్కుని చెప్పాలని నా ఆరాటం. దయచేసి దారి చూపండి.

పాతకాగితాలు:
ఏ సంవత్సరంలో వచ్చారు? ఏ ఊళ్లో స్థిరపడ్డారు? ఈ రెండూ చెప్పకుండా అడిగితే ఎవరూ సాయపడలేరు. ఎల్లిస్ ద్వీపంలో పేర్లు మార్చలేదు. జాబితాలను ఓడ బయలుదేరిన రేవులోనే రాసేవారు, ఇక్కడి అధికారులు వాటిని చేతిలో పెట్టుకుని ప్రశ్నలు వేసేవారు, పక్కన దుబాసీలూ ఉండేవారు. పేరు మార్చుకున్నది ఆయనే, అదీ ఇక్కడికి వచ్చాక. కాబట్టి ఓడ జాబితాలో హారిస్ దొరకడు.

నామచరిత్ర:
అమ్మా, ముందుగా ఒక మాట. మనం ఇంటిపేరు అనగానే తరతరాలుగా వస్తున్న పేరు అనుకుంటాం. తూర్పు ఐరోపా యూదుల్లో ఎక్కువమందికి రెండు వందల ఏళ్ల కిందటి వరకు అలాంటిదేమీ లేదు. ఫలానావాడి కొడుకు ఫలానా, అంతే. ఆస్ట్రియాను పాలించిన చక్రవర్తి రెండవ జోసెఫ్ 1787లో, రష్యా ప్రభుత్వం 1804లో చట్టం చేసి వారికి వంశపారంపర్యమైన పేర్లను తగిలించాయి. ఆ పేర్లలో ఊళ్లవి ఉన్నాయి: పిన్‌స్కర్, వర్షావ్‌స్కీ. దర్జీ పని చేసేవారికి పోర్ట్‌నోయ్, ష్నైడర్. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి స్త్రీల పేర్ల నుంచి పుట్టినవి: రివ్కా నుంచి రివ్కిన్, మాల్కా నుంచి మాల్కిన్, ద్వోరా నుంచి ద్వోర్కిన్. ఒక అమ్మమ్మ పేరు ఆ తరువాతి మగవాళ్లందరికీ ఇంటిపేరుగా నిలబడిపోవడం ఎంత గొప్ప విషయమో ఆలోచించండి.

లిత్వాక్ అల్లుడు:
నామచరిత్ర గారూ, ‘తగిలించాయి’ అన్న మాటతో నేను ఏకీభవించను. చట్టం ప్రభుత్వానిదే అయినా, రష్యాలో పేర్ల ఎంపికలో యూదు సమాజ పెద్దల పాత్ర చాలా ఉండేది. పైగా హొరోవిట్జ్, రాపపోర్ట్, లూరియా వంటి రబ్బీల (యూదు మతగురువుల) వంశాల పేర్లు ఆ చట్టాలకు శతాబ్దాల ముందు నుంచే ఉన్నాయి.

నామచరిత్ర:
అవి మినహాయింపులు. సామాన్యుల సంగతి నేను చెప్పినదే.

పాతకాగితాలు:
ఆమె అడిగినది అది కాదు. సంవత్సరం చెప్పండమ్మా.

న్యూజెర్సీ కోడలు:
క్షమించండి, అవసరం లేదనుకుని రాయలేదు. 1910 జనాభా లెక్కల్లో ఆయన వచ్చిన సంవత్సరం 1908 అని ఉంది. అప్పటికి ఫిలడెల్ఫియాలో ఉన్నారు. సమాధి ఫోటో కూడా ఉంది. రాతి పైభాగంలో ఒక కూజా, దాని కింద పళ్లెం చెక్కారు. ఆ కింద హీబ్రూలో నాలుగు వరుసలున్నాయి. కూజా అలంకారం కోసం చెక్కి ఉంటారని, హీబ్రూ మాలో ఎవరికీ రాదని దాన్ని పక్కన పెట్టాను. ఇప్పుడు జత చేస్తున్నాను.

లిత్వాక్ అల్లుడు:
అమ్మా, అది అలంకారం కాదు! మొదటి రెండు అక్షరాలు పే, నూన్. ఇక్కడ ఖననం చేశారని అర్థం. తరువాతి వరుసలో ‘మోషే బెన్ యిత్స్‌హాక్ హలేవీ’ అని స్పష్టంగా ఉంది. అంటే తండ్రి పేరు యిత్స్‌హాక్, ఆయన లేవీ వంశస్థుడు. పూజారులైన కోహెన్‌లు ఆశీర్వచనం చేసే ముందు వారి చేతులు కడిగేది లేవీలు. అందుకే కూజా, పళ్లెం. హొరోవిట్జ్ వంశం వారు లేవీలే. ఆ పేరునే హుర్విట్జ్ అనీ అంటారు. హుర్విట్జ్ హారిస్‌గా మారి ఉండవచ్చు. అయితే తొందరపడకండి, లెవిన్, సెగల్ పేర్లవారిలోనూ లేవీలు చాలామంది ఉన్నారు.

రష్యన్‌లో ‘హ’ లేదు కాబట్టి హుర్విట్జ్ అక్కడి కాగితాల్లో గుర్విచ్ అవుతుంది. ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్లను ఒకే సంకేతం కిందకు తెచ్చే పద్ధతిని సౌండెక్స్ అంటారు. అమెరికాలో వాడే మామూలు సౌండెక్స్ మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతుంది కనుక ఈ రెండిటినీ కలపలేదు. 1985లో వచ్చిన డైచ్–మోకోటాఫ్ పద్ధతిలో మొదటి హకారానికీ గకారానికీ ఒకే అంకె, 5. హొరోవిట్జ్, హుర్విట్జ్, గుర్విచ్ మూడూ 597400 కిందకు వస్తాయి. హారిస్ మాత్రం 594000. మూడు రాత్రులు మీకు దొరకకపోవడంలో మీ తప్పేమీ లేదు.

నామచరిత్ర:
లేవీ అంటే మన గోత్రం వంటిదన్నమాట. తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది కదా.

లిత్వాక్ అల్లుడు:
తండ్రి నుంచి రావడం వరకు నిజమే. కాని గోత్రం పెళ్లిని నియంత్రిస్తుంది, ఒకే గోత్రంలో సంబంధం కలుపుకోం. లేవీలు లేవీలను నిరభ్యంతరంగా పెళ్లి చేసుకుంటారు. అందుచేత ఆ పోలిక కుదరదు.

నామచరిత్ర:
గోత్రానికి ఆ నియమం ఒక్కటే లక్షణమని నేను ఒప్పుకోను. సంకల్పంలో చెప్పుకునేది కూడా గోత్రమే.

పాతకాగితాలు:
పౌరసత్వ దరఖాస్తు తెప్పించండి. 1906 సెప్టెంబరు తరువాతి దరఖాస్తుల్లో పుట్టిన ఊరు, ఓడ పేరు, దిగిన తేదీ ఉంటాయి. 1908లో వచ్చారు కనుక దానికి రాక ధ్రువపత్రం కూడా జతచేయాలి, అది ఓడ జాబితాను సరిచూసి ఇచ్చేది. ఫిలడెల్ఫియా కూడా రేవే. న్యూయార్క్ ఒక్కటే వెతకవద్దు.

న్యూజెర్సీ కోడలు:
దరఖాస్తు ఇవాళే వచ్చింది. ఆయన హారిస్ అనే సంతకం చేశారు. ధ్రువపత్రంలో మాత్రం ‘గుర్విట్జ్’ అని ఉంది! మామగారికి ఫోనులో చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు, తరువాత ఆ పేరును రెండుసార్లు పలికించుకున్నారు. అందరికీ ధన్యవాదాలండి. పుట్టిన ఊరు కోవ్నో అని రాశారు. అది నగరమా, రాష్ట్రమా?

పాతకాగితాలు:
రెండిటికీ అదే పేరు. ఓడ జాబితాలో, స్వదేశంలోని దగ్గరి బంధువు చిరునామా గడి చూడండి.