పోస్ట్‌గ్రెస్ డేటాబేస్: వర్‌క్యార్‌లో (టెక్స్ట్ టైప్) ఉన్న డబ్బు మొత్తం, తేదీ కాలమ్‌ల టైప్ మార్చడం ఎలా?

కిరణ్:
దాదాపు 4 కోట్ల రికార్డులున్న పాత టేబుల్. మొత్తం, తేదీ రెండూ వర్‌క్యార్‌గానే పెట్టేశారు. ఆర్డర్ బై ఇస్తే 100, 20, 9 అనే వరసలో వస్తున్నాయి. ఆల్టర్ టేబుల్‌తో మారుద్దామంటే ఆటోమేటిక్‌గా క్యాస్ట్ (టైప్ మార్పు) కాదని ఎర్రర్. డబుల్ ప్రెసిషన్ పెట్టాలా, న్యూమరిక్కా? సర్వీస్ ఆపకుండా కుదురుతుందా?

సునీత:
డబ్బు లెక్కలైతే న్యూమరిక్ తప్ప వేరేది వద్దండీ. డబుల్ ప్రెసిషన్‌లో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. న్యూమరిక్(12,2) అంటే పాయింట్‌కి ముందు 10 అంకెలు పడతాయి, అంతకు మించితే ఎర్రర్. పాయింట్ తర్వాత ఎక్కువుంటే మాత్రం ఎర్రర్ రాదు, 45.678 కాస్తా 45.68 అయిపోతుంది.

మీకొచ్చిన ఎర్రర్, పాత విలువను ఎలా మార్చాలో చెప్పే యూజింగ్ క్లాజ్ ఇస్తే పోతుంది. కానీ ముందు చెత్త ఏరండి. ఈ ప్యాటర్న్‌కి సరిపోని విలువలన్నీ గ్రూప్ బై చేసి చూడండి:

'^-?[0-9]+(\.[0-9]+)?$'

ఖాళీ స్ట్రింగ్‌లు తప్పకుండా తగులుతాయి, వాటిని ట్రిమ్ చేసి నల్‌ఇఫ్‌తో నల్ (విలువ లేనిది) చెయ్యాలి. కామాలు గుడ్డిగా తీసేయకండి. 1,200.50లో తీస్తే సరే, కామానే పాయింట్‌గా రాసిన 12,50లో తీస్తే 1250 అవుతుంది. ‘నాన్’ (NaN, అంటే సంఖ్య కానిది) అనే విలువ ఉంటే క్యాస్ట్ దాన్ని ఆపదు, తర్వాత సమ్ మొత్తం నాన్ అయిపోతుంది. పై ప్యాటర్న్ దాన్ని పట్టుకుంటుంది.

మూర్తి:
నేరుగా ఆల్టర్ చేస్తే యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ పడుతుంది. టేబుల్ మొత్తం తిరగరాసి, ఇండెక్స్‌లు మళ్లీ కట్టేదాకా సెలెక్ట్‌లు కూడా ఆగిపోతాయి. పైగా డిస్క్‌లో ఇంకో కాపీకి చోటు కావాలి.

సర్వీస్ ఆగకూడదంటే కొత్త న్యూమరిక్ కాలమ్ చేర్చండి. ఇన్సర్ట్, అప్‌డేట్‌లకు ట్రిగ్గర్ (తనంతట తానే నడిచే కోడ్) పెట్టి కొత్త కాలమ్‌నీ నింపండి. అందులోనూ పై శుభ్రం చేసే లాజిక్కే ఉండాలి, లేకపోతే ఒక్క చెడ్డ విలువకే ఇన్సర్ట్ ఫెయిలవుతుంది. పాత రికార్డులను ప్రైమరీ కీ ప్రకారం పదేసి వేల చొప్పున అప్‌డేట్ చేసి, ప్రతిసారీ కమిట్ చెయ్యండి. మధ్యమధ్యలో వాక్యూమ్ (పాత కాపీలను శుభ్రం చేసే కమాండ్) నడపండి. చివర్లో ట్రిగ్గర్ తీసేయడం, పాత, కొత్త కాలమ్‌ల పేర్లు మార్చడం ఒకే ట్రాన్సాక్షన్‌లో, లాక్ టైమౌట్ (లాక్ కోసం ఆగే గరిష్ఠ సమయం) 3 సెకన్లు పెట్టుకుని.

కిరణ్:
ఈ కాలమ్ వాడే వ్యూలు (సేవ్ చేసిన క్వెరీలు) రెండున్నాయి. పేరు మారిస్తే అవి కొత్తదాన్ని తీసుకుంటాయా?

మూర్తి:
తీసుకోవు. వ్యూ పేరును కాదు, కాలమ్‌నే పట్టుకుని ఉంటుంది. పేరు మార్చినా పాత వర్‌క్యార్‌నే చూపిస్తుంది. అదే ట్రాన్సాక్షన్‌లో వ్యూలు డ్రాప్ చేసి మళ్లీ సృష్టించండి.

సునీత:
తేదీకి మామూలు క్యాస్ట్ వాడకండి కిరణ్ గారూ. 03/04/2021 అన్నది డేట్‌స్టైల్ సెట్టింగ్‌ని బట్టి మార్చి 4 అవ్వచ్చు, ఏప్రిల్ 3 అవ్వచ్చు. టు_డేట్‌కి ఫార్మాట్ స్పష్టంగా ఇవ్వండి. రెండు ఫార్మాట్‌లూ కలిసి ఉన్నాయేమో తెలియాలంటే మొదటి భాగం 12 దాటినవి, రెండో భాగం 12 దాటినవి విడివిడిగా లెక్కపెట్టండి. రెండు వైపులా వస్తే, రెండు భాగాలూ 12 లోపు ఉన్నవాటిని ఏ క్వెరీ తేల్చలేదు. ఆ రికార్డు ఏ సిస్టమ్ నుంచి వచ్చిందో చెప్పే కాలమ్ ఉంటే దాన్నిబట్టి తేల్చాలి, లేదంటే నల్‌గా వదిలి పాత కాలమ్ అలాగే ఉంచండి.